ఆరంకెలూ, ఒక పేరూ

ఉత్తరాలు బాగా వ్రాస్తానని మా బంధువుల్లో నాకొక పేరుంది. ముప్ఫయి నాలుగేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం వ్రాయకపోతే ఎలా? కాని ఉత్తరం వ్రాయటం వేరు, దాని పైన అడ్రసు వ్రాయటం వేరు అని నాకు అరవై తొమ్మిదో ఏట గాని తెలిసి రాలేదు. ఆ వైనం చెబుతాను. మీలో పెళ్ళిళ్ళు చేయవలసినవాళ్ళూ, సంఘాలు నడిపేవాళ్ళూ, సంచికలు వేసేవాళ్ళూ ఉంటారు. నా పాట్లు మీకు పనికి రావచ్చు.

1977 నవంబరు 19వ తేదీ, శనివారం. ఆ రోజు దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చిన సంగతి కృష్ణాజిల్లా వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయినై. పోయినవారు పదివేలకు పైమాటే. ఆ ఉప్పెనకు 45 ఏళ్ళు నిండిన సందర్భంలో, అంటే 2022 నవంబరులో, బందరులో కలిసి చదువుకున్న పాత విద్యార్థులం కొందరం ఒక సంచిక వేశాం. 64 పేజీలు. ఆనాడు బ్రతికి బయటపడినవాళ్ళు చెప్పగా వ్రాసుకున్న మాటలు, కొన్ని ఫోటోలు, చివర మాకు తెలిసినంతలో పోయినవారి పేర్లు. అమ్మకానికి కాదు. కావలసినవాళ్ళందరికీ టపాలో పంపాలని మా సంకల్పం. లెక్క వేస్తే మన దేశంలో 412 అడ్రసులు తేలినై.

ఆ 412లో ఒకటి మాత్రం తక్కినవాటి వంటిది కాదు. మాతో చదువుకున్నతను ఒకడు దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఒక పల్లెలో పంతులుగా చేరాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఉప్పెనలో పోయాడు. వాళ్ళమ్మగారు అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో ఉంటారు. 2022 నాటికి ఆవిడకు ఎనభై ఆరేళ్ళు. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోకీ నీళ్ళు వచ్చి పెట్టెలూ కాగితాలూ కొట్టుకు పోయినై. కొడుకు ఫోటో ఒక్కటి మిగలలేదు. మా దగ్గర మాత్రం స్కూలు చివరి ఏడు తీయించుకున్న గ్రూపు ఫోటో ఒకటి ఉంది. రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు అతను. ఆ ముఖాన్ని పెద్దది చేయించి సంచికలో ఒక పేజీ నిండా వేశాం.

“నేనే తెచ్చి ఇస్తాను పిన్నిగారూ” అని ఫోనులో అన్నాను. బందరులో బస్సెక్కితే అవనిగడ్డ ఎంతసేపు? ఆవిడ ఒప్పుకోలేదు.

“వద్దు నాయనా, టపాలో పంపించు. వాడున్నన్నాళ్ళూ వారం వారం నా పేర కార్డు ముక్క వ్రాసేవాడు. ఆ తరువాత నా పేర టపా రాలేదు” అన్నారు.

ఇక నేనేమంటాను? సరేనన్నాను.

మా ఊరికి ఈ పని కొత్తది కాదు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది బందరులోనే. నా చిన్నతనంలో వారపత్రిక టపాలో వస్తే, నడుముకు ఒక కాగితం పట్టీ, ఆ పట్టీ మీద చందాదారు అడ్రసు, రెండు కొసలూ తెరిచి, చూడటానికి తువ్వాలు చుట్టుకున్న మనిషిలాగా ఉండేది. ఆ పట్టీ చింపే హక్కు మా నాన్నగారిది. సీరియలు ముందు చదివే హక్కు మా అమ్మది. అంతటి ఊళ్ళో పుట్టినవాణ్ణి, 412 కవర్లు పంపటం ఒక లెక్కా అనుకున్నాను.

మా ఇంటి వరండాలో పని మొదలయింది. దళసరి ఖాకీ కవర్లు తెప్పించాం. జాగ్రత్తకని మూడేసి పిన్నులు కొట్టాం. ఊడిపోతాయేమోనని కొన్నిటికి పురికొస కూడా కట్టాం. ఇంత మంచి పని చేస్తూ పసుపు పెట్టకపోతే ఎట్లాగని మా ఆవిడ నాలుగు మూలలా పసుపు అద్దింది. అడ్రసులు నేను నా గొలుసుకట్టు వ్రాతలో వ్రాశాను. ‘రావిచెట్టు ఎదుట’, ‘పాత రైసుమిల్లు వెనకాల’ అని గుర్తులు కూడా ఇచ్చాను. పంపేవారి అడ్రసు మాది చిన్నదిగా ఉంటే మర్యాద కాదని, ఎడమవైపు అంతే పెద్ద అక్షరాలతో వ్రాశాను. పిన్‌కోడు గుర్తున్నవాటికి వేశాను, లేనివాటికి మానేశాను. పోస్టాఫీసులో ఇచ్చి వచ్చి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సంక్రాంతి లోపల ఒక్కటొక్కటిగా తిరిగి రావటం మొదలుపెట్టినై. జనవరి ఆఖరికి 31 కవర్లు. కొన్ని చిరిగి వచ్చినై. కొన్ని మూలన నలిగి వచ్చినై. వాటిని వరండాలో పరిచి, పరీక్ష పేపర్లు దిద్దే పంతుల్లాగా కూర్చున్నాను. ఒక్కొక్కదానికి ఎర్ర సిరా పెట్టవలసిందే. ఎనిమిదింటికి పిన్‌కోడు లేదు. ఆరింటి మీద మా అడ్రసే అసలు అడ్రసులాగా కనిపిస్తోంది. పాపం, ఎవరో అది చూసి నమ్మి నాకే పంపారు. కొన్నిటి మీద పసుపు తడిసి అంకెల మీదికి పాకింది. తప్పంతా మాదే. ఎవరినీ అనటానికి లేదు.

ముప్ఫయ్యో కవరు తీసేసరికి నా గుండె ఆగినంత పని అయింది. అది ఆ తల్లిదే.

ఆవిడ ఉండే పల్లె అవనిగడ్డ పోస్టాఫీసు కిందిది. అవనిగడ్డ పిన్‌కోడు 521121. నేను నా స్వహస్తాలతో 521211 అని వ్రాశాను. ఒక్క అంకె పక్క అంకెతో చోటు మార్చుకుంది. పైగా ఊరి పేరు మీద పసుపు. ఆ కవరు అవనిగడ్డ సంచీలో పడక, ఎక్కడెక్కడో తిరిగి, రెండు నెలలకు నా దగ్గరికి వచ్చింది. ముందు నెలలోనే ఆవిడ మనమడు ఫోను చేశాడు. “మాష్టారూ, మామ్మ రోజూ పోస్టాయన వచ్చేవేళకు అరుగు మీద కూర్చుంటోందండీ. పంపించారా?” అని. “పంపించానయ్యా, వస్తుంది” అన్నాను, ఎంతో ధీమాగా.

ఆ సాయంత్రమే అమెరికా నుంచి మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. సంచికను అక్కడున్న మనవాళ్ళ కోసం అక్కడే అచ్చు వేయించి పంచే భారం తాను మీద వేసుకుంది. న్యూజెర్సీలో వాళ్ళ ఊరి తెలుగువాళ్ళకు ఇట్లాంటి టపా పనులన్నీ అదే చూస్తుంది. నా 31 కవర్ల కథ విని నవ్వింది.

“బాబాయ్, పిన్నులూ, పురికొసా, పసుపూనా! ఇక్కడయితే ఆ కవర్లు మిషన్‌లోకే పోవు.”

“మిషన్ ఏమిటమ్మా?”

“ఫ్లాట్లు వేరుచేసే మిషన్.”

ఫ్లాట్లంటే నేను విజయవాడలో కడుతున్న ఇళ్ళనుకున్నాను. అక్కడి తపాలా శాఖవారు మామూలు ఉత్తరం కంటే పెద్దదీ, పార్సిలు కంటే పలుచనిదీ అయిన టపాను ఫ్లాటు అంటారట. పత్రికలూ, పెద్ద కవర్లూ ఆ కోవలోవి. పొడుగు 15 అంగుళాలు, వెడల్పు 12 అంగుళాలు, మందం ముప్పాతిక అంగుళం దాటకూడదు. మందం అంతటా ఒక్కలాగే ఉండాలి. ఒకచోట బొడిపె ఉంటే మిషన్ పట్టుకుంటుంది. మరీ అట్టలాగా బిర్రుగా ఉంటే మలుపులో వంగదు. మరీ మెత్తగా ఉంటే వేలాడిపోతుంది. బల్ల అంచున సగం బయటికి పెట్టి, ఎంత వాలుతుందో చూసే పరీక్ష కూడా ఉందట. పెళ్ళికూతుర్ని చూసినట్టే!

“అడ్రసు పై సగంలోనే ఉండాలి బాబాయ్. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. చుట్టూ ముగ్గులు వద్దు. కెమెరా ఫోటో తీసి చదువుతుంది. గంటకు పదిహేడు వేల దాకా చదువుతుంది. నీ గొలుసుకట్టు చూస్తూ కూర్చోటానికి దానికి తీరికెక్కడిది?”

ప్రతి అడ్రసుతో పాటు 65 చిన్న గీతల వరుస ఒకటి అచ్చు వేస్తారట. వాళ్ళ పిన్‌కోడును జిప్ కోడంటారు. అది 1963లో వచ్చింది. ఆ గీతల్లో జిప్ కోడు దాగి ఉంటుంది. ఒకే రకం టపా కనీసం 200 ఉంటే చవుక రేటు. మనమే జిప్ వారీగా వేరుచేసి కట్టలు కట్టి ఇస్తే ఇంకా చవుక. వాళ్ళు చేయవలసిన పని మనం చేశాం గనుక ఆ మేరకు తగ్గిస్తారన్నమాట. ఇళ్ళు మారినవాళ్ళ అడ్రసులు, పంపేముందు 95 రోజుల లోపల సరిచూసి ఉండాలట. మన పెళ్ళిపిలుపుల జాబితాలో కాలం చేసిన తాతయ్యల పేర్లు ఇంకా ఉంటై చూడండి, అది అక్కడ చెల్లదు. మా అమ్మాయి ఆ విధంగా 236 సంచికలు పంపింది.

“ఆ మిషన్ చదవలేకపోతేనో?” అన్నాను, అదేదో దాని ఓటమి వినాలని.

“అప్పుడు మనిషే చదువుతాడు బాబాయ్. సాల్ట్ లేక్ సిటీ అనే ఊళ్ళో ఒక ఆఫీసుంది. మిషన్‌కు అంతుబట్టని అడ్రసు ఫోటో అక్కడికి పోతుంది. అక్కడ ఒకరు తెర మీద చూసి, అర్థం చేసుకుని, అంకెలు కొడతారు. 1997 ప్రాంతంలో అట్లాంటివి దేశమంతటా 55 ఉండేవి. మిషన్లు బాగా చదవటం నేర్చుకున్న కొద్దీ తగ్గిపోయినై.”

అంతటి యంత్రం వెనకాల కూడా ఒక మనిషి కళ్ళజోడు సవరించుకుంటూ కూర్చుని ఉన్నాడన్న మాట నాకెందుకో ఊరట కలిగించింది.

అమెరికా సంగతి సరే, మన సంగతి ఏమిటి? అది తేల్చుకోవటానికి మర్నాడే రైలెక్కి గుడివాడ వెళ్ళాను. అక్కడ మా వియ్యంకుడుగారు ఉన్నారు. ఆయన రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేసి రిటైరయినారు. విజయవాడ కేంద్రంగా ‘వై’ డివిజన్ అని ఉంది, అందులో. రాత్రిపూట నడిచే రైల్లో, టపా పెట్టెలో నిలబడి, గూళ్ళ బీరువా ముందు ఉత్తరాలు వేరుచేసిన చేతులవి. ఇప్పటికీ పేకముక్కలు పంచితే చూడవలసిందే.

నేను పట్టుకు వెళ్ళిన కవరు తిప్పి చూసి, కాఫీ చల్లారేదాకా ఏమీ అనలేదు. ఆ తరువాత అన్నారు:

“బావగారూ, ఏమీ అనుకోకండి. ఉత్తరం అందుకునేవాళ్ళ కోసం వ్రాస్తారు, బాగానే ఉంది. అడ్రసు కూడా వాళ్ళ కోసమే వ్రాస్తున్నారు. అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళ అడ్రసు వాళ్ళకు తెలుసు. అడ్రసు మధ్యవాళ్ళ కోసం. నిలబడి, చీకటిలో, నిద్ర ఆపుకుంటూ చదివేవాడి కోసం.”

ముప్ఫయి నాలుగేళ్ళ పంతులుద్యోగంలో ఎవరూ నాకిట్లా పాఠం చెప్పలేదు.

ఆ రోజుల్లో సార్టరు తలకాయే యంత్రం. మా ఊరికి బందరు, మచిలీబందరు, మచిలీపట్నం, మసులీపటం అని నాలుగు పేర్లున్నై. ఏ పేరు వ్రాసినా ఆయన చెయ్యి ఒకే గూటిలోకి పోయేది. కాని కొత్తపల్లులు ఎన్ని? రామాపురాలు ఎన్ని? పైగా దేశంలో ఒక్కో భాష, ఒక్కో లిపి. ఈ చిక్కు విప్పటానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పెట్టారు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్‌గారు కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి, సంస్కృతంలో కవి కూడానట. కవిత్వం వ్రాసేవాడు అంకెలు కూడా అంత పొందికగా పేర్చాడంటే, తెలుగు పంతులునైన నాకు కాస్త సిగ్గు వేసింది.

ఆరంకెల్లోనూ కథ ఉంది. మొదటి అంకె దేశంలో మండలాన్ని చెబుతుంది. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. రెండో అంకెతో ఆ మండలంలో భాగం, మూడో అంకెతో టపా వేరుచేసే జిల్లా. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. బందరు 521001. గుడివాడ 521301. నాగాయలంక 521120. అవనిగడ్డ 521121. “మొదటి మూడంకెలు సరిగా ఉంటే జిల్లా చేరుతుంది బావగారూ. చివరి మూడూ సరిగా ఉంటేనే ఊరు చేరుతుంది” అన్నారాయన.

మన దేశంలో కూడా యంత్రాలు వచ్చినై. ముంబైలో 1993లో, చెన్నైలో 1996లో మొదలయినై. 2012లో ఢిల్లీలో, కలకత్తాలో ఇంకా పెద్దవి పెట్టారు. ఉత్తరాలకొక యంత్రం, పెద్ద కవర్లకూ పాకెట్లకూ వేరే యంత్రం. బందరు నుంచి అవనిగడ్డ పోయే కవరును మాత్రం చేతులతోనే వేరుచేస్తారు. “అయినా పద్ధతి ఒకటే. యంత్రానికి ఏది తేలికో మనిషికీ అదే తేలిక. ఒకటి మనిషికి చాతనవును, యంత్రానికి చాతకాదు. మీ రావిచెట్టు సంగతి బట్వాడా చేసే పోస్టుమాన్ ఒక్కడికే కావాలి. అది వ్రాయండి, కాని పిన్‌కోడుకు అడ్డం రానివ్వకండి.”

బయలుదేరబోతుంటే, ఆ కవరు ఎవరిదో అప్పుడు చెప్పాను. ఆయన ముఖం మారింది. గుమ్మంలో నిలబడే చెప్పారు. 1977లో ఆయన ఉద్యోగంలో కొత్త. ఉప్పెన తరువాత దివిసీమకు దోవలు తెగి, అటు పోవలసిన టపా ఆగిపోయింది. దోవలు పడిన తరువాత పంపితే, కొన్నాళ్ళకు కట్టలు కట్టలుగా వెనక్కు వచ్చినై. వాటిని వేరుచేసింది ఆయన చేతులే.

“అడ్రసులన్నీ సరిగ్గానే ఉన్నై బావగారూ. మనుషులే లేరు.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మళ్ళీ ఆయనే అన్నారు, “దీనికి మనిషి ఉన్నారు. అడ్రసే తప్పింది. ఇది దిద్దుకోగలిగిన తప్పు. వెళ్ళి దిద్దండి.”

బందరు తిరిగి వచ్చి 31 కవర్లూ మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈసారి పద్ధతిగా. తెల్లని, బోడి కవర్లు, సంచిక లోపల దొర్లకుండా సరిపోయే కొలతవి. పిన్నులు లేవు, పురికొస లేదు, మూత జిగురుతో అంటించాం. అడ్రసులు మా మనమరాలు కంప్యూటరులో కొట్టి, తెల్ల చీటీల మీద నల్లగా అచ్చు తీసింది. ముందు పేరు, తరువాత ఇల్లు, వీధి, ఊరు, పోస్టాఫీసు, చివర ఆరంకెలూ పెద్దవిగా, వాటి పక్కన ఇంకేమీ లేకుండా. అడుగున ఒక బద్ద ఖాళీగా వదిలాం, యంత్రం గీతలు వేసుకోవటానికి. మా అడ్రసు వెనకవైపు, మూత మీద, చిన్నదిగా. ప్రతి అంకె ఒకరు చదివితే ఒకరు పుస్తకంలో చూసి సరిపెట్టాం. అన్నీ అయింతరువాత ముఖాలన్నీ ఒకవైపు వచ్చేటట్టు పేర్చి, పిన్‌కోడు వరుసన గుడివాడవి గుడివాడవిగా, అవనిగడ్డవి అవనిగడ్డవిగా, హైదరాబాదువి, చెన్నైవి, ఢిల్లీవి వేరు వేరు కట్టలు కట్టాం. ప్రతి కట్ట మీదా ఒక చీటీ. 31 కవర్లకు ఇంత హంగామా ఏమిటని మీరు నవ్వవచ్చు. 412కు ముందే చేసి ఉంటే ఈ 31 ఉండేవి కావు.

పసుపు దగ్గర మాత్రం ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది.

“మిషన్ ఒప్పుకోదుటే” అన్నాను.

“మిషన్‌కు మొత్తైదువులంటే లెక్కలేదా?” అంది మా ఆవిడ.

చివరికి మా మనమరాలు రాజీ చేసింది. పసుపు మూత లోపలివైపు, గోరంత. యంత్రానికి కనపడదు, తెరిచినవాళ్ళకు కనపడుతుంది. ఇద్దరి మాటా చెల్లింది.

ఆ తల్లి కవరు మీద చీటీ అంటించలేదు. అది ఒక్కటి నేనే వ్రాశాను. గొలుసుకట్టు మాని, మా రోజుల్లో ఒకటో తరగతి పిల్లలకు పలక మీద దిద్దించినట్టు, అక్షరం అక్షరం విడివిడిగా. పేరు కింద ఊరు, ఊరి కింద 521121. నాలుగుసార్లు చదువుకున్నాను. మా ఆవిడ చేత ఒకసారి చదివించాను. కట్టలన్నీ పోస్టాఫీసులో ఇచ్చాను. ఈసారి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది 2023 ఫిబ్రవరి మాట. అప్పటికీ ఇప్పటికీ తపాలాలో చాలా మార్పులు వచ్చినై. 1898 నాటి చట్టం పోయి, కొత్త పోస్టాఫీసు చట్టం 2024 జూన్‌లో అమలులోకి వచ్చింది. పుస్తకాలు చవుకగా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు అని వేరొకటి వచ్చింది. ఆ ఏడే డిజిపిన్ అని ఇంకొకటి తెచ్చారు. దేశాన్నంతటినీ దాదాపు నాలుగు మీటర్ల గళ్ళుగా గీసి, ప్రతి గడికీ పది అక్షరాల గుర్తు ఇచ్చారు. అంటే మా అరుగుకొక గుర్తు, మా బావికొక గుర్తు ఉంటుందన్నమాట. బాగానే ఉంది. ఏ అరుగో చెప్పవచ్చు. ఆ అరుగు మీద ఎవరు ఎవరి కోసం కూర్చున్నారో అది చెప్పదు.

నాలుగోనాటి మధ్యాహ్నం ఫోను మోగింది. ఆవిడ మనమడు.

“మాష్టారూ, వచ్చిందండీ! పోస్టాయన వీధి మొగలోనే సైకిలు దిగి, మామ్మ పేరు పెట్టి కేకేశాడు. ‘టపా!’ అని.”

“మామ్మ ఏమన్నారయ్యా?”

“వెంటనే తెరవలేదండీ. పైనున్నది చదవమంది. పోస్టాయన పేరు చదివాడు. ఇంటిపేరుతో సహా మళ్ళీ చదవమంది. ఊరు చదివించుకుంది. ఆ కింది అంకెలేమిట్రా అంది. అవి యంత్రం కోసం మామ్మా అన్నాను. అయితేనేం, అవీ చదవమను అంది. ఆయన చదివాడండీ, ఆరూ.”

“తరువాత?”

“తరువాత తెరిచిందండీ. ఆ పేజీ తీసింది. చూస్తోంది. ఇంకా అరుగు మీదే ఉంది.”

నేను ఫోను పెట్టేశాను. మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి, “అందిందా?” అంది. అందిందన్నాను.

తక్కిన 30 కవర్లలో ఒక్కటి తిరిగి వచ్చింది. ఆయన ఆ మధ్యనే కాలం చేశారట. అడ్రసు సరిగ్గానే ఉంది.